గవరయ్య మంచం గురించి ఎవరూ సణగలేదు

నమోదు 1

రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. ఇష్టపడి కాదు.

"మీ మనసులోని భారాన్ని రోజూ నాలుగు మాటల్లో మాతో పంచుకోండి" అని కబురు పంపారు క్షేమాధికారి ఇందుశేఖర్ గారు. అయ్యా, పంచుకోవడానికి ఇదేమన్నా ప్రసాదమా? ఏళ్ళ తరబడి మంచం పట్టినవాళ్ళుండే మా దీర్ఘ వార్డు గోడకి మీరు వేయించిన నవ్వుమొహం బొమ్మ మీదకి సిస్టర్ సలోమి బేసిన్ విసిరిందని కదా మీకొచ్చిన ఫిర్యాదు. నిజమే, విసిరాను. బేసిన్ నిండుగా ఉంది. అందులో ఉన్నవి మంచినీళ్ళు కావు. ఆ తర్వాత గోడ కడిగింది కూడా నేనే. ఆ ముక్క మాత్రం ఫిర్యాదులో లేదు.

నాకు మీరు చూపించినవి రెండు దారులు. అమావాస్య దాకా రోజూ ఇలా రాసి, నా మనసు కుదుటపడిందని మీకు నమ్మకం కలిగించాలి. లేకపోతే తేలిక అంటించుకోవాలి. అది చెవి వెనక పెట్టుకునే చింతగింజంత పట్టీ అట. అది ఉంటే విసుగూ కోపమూ దిగులూ పుట్టినచోటే చల్లారిపోతాయట. మీ మనిషి వార్డుకొచ్చి ఇదంతా నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు చూసే నేను వద్దన్నాను.

సరే, ఈ రోజు సంగతి. పొద్దు డ్యూటీ చేసిన నా తోటి నర్సు పైడితల్లి ఇంటికి పోదామని చెప్పుల్లో కాలు పెట్టిందో లేదో, ఎండ బూర మోగింది. బూర మోగితే నీడపట్టు ఊళ్ళో తలుపులన్నీ వాటంతటవే బిగుసుకుంటాయి. ఊరు మొత్తానికీ నెత్తిమీద రేకుల కప్పు ఉన్నా సరే, ఆ వేడిలో వీధి దాటిన మనిషి మిగలడు. రెండో బూర మోగేదాకా పైడి వార్డులోనే ఉండాలి. వార్డులో ఉన్న మనిషిని ఊరికే ఎవరు కూర్చోనిస్తారు? మళ్ళీ గుడ్డలు మార్చింది, మళ్ళీ అంబలి పట్టింది. ఎండాకాలం పెరిగేకొద్దీ బూర తొందరగా మోగుతోంది. ఒక్క జీతానికి రెండు డ్యూటీలు చేయించుకోవడానికి మీకు ఇంతకంటే మంచి సాకు దొరకదు.

నాలుగు మాటలు అయ్యాయి. సెలవు.

నమోదు 2

నిన్నటి రాత చూసి "కోపం వెనక ఉన్న అసలు భావాన్ని వెతకండి" అని జవాబు పంపారు. వెతికాను. కోపం వెనక ఇంకొంచెం కోపం ఉంది.

మా వార్డులో దులుపుడు మానేయమని కూడా రాశారు. అదేమిటో మీకు తెలీదు కనక చెబుతాను. డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సు తలుపు దగ్గర ఎదురుపడి ప్రతి మంచం గురించీ ఒకరినొకరు దులుపుకుంటాం. మీరు పెట్టిన పేరు 'విధి మార్పిడి సంభాషణ'. మేం అలా సంభాషించం. ఇవాళ పైడి నాతో అన్నది ఇదీ:

"రెండో మంచం ముసల్ది మాత్ర మింగినట్టు నటించి బుగ్గలో దాసుకుంటన్నాది. నిన్న నువ్వు నోరు తెరిపించి సూసేవా? సూడనేదు. కళ్ళెక్కడ పెట్టుకున్నావే? ఏడో మంచం కేతిటర్ నువ్వే సరిగ్గా కట్టనేదు, పక్కంతా తడిపీసింది, నాను సచ్చినట్టు మార్సినాను. ఇంక గవరయ్యున్నాడు సూడు, ఆ పీనుగుని గోడేపు తిప్పేసరికి నా నడుం ఇరిగిపోనాది."

నేనూ ఊరుకోలేదు. "నీ నడుం ఇరిగితే నాకు సెప్తావేటి, నీ మొగుడికి సెప్పుకో" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. నేను నేరుగా రెండో మంచం దగ్గరికి పోయి ముసలావిడ నోరు తెరిపించాను. బుగ్గలో రెండు మాత్రలున్నాయి.

అర్థమైందా? దులుపుడులో ఎంత ఎక్కువ సణిగితే ఆ మంచానికి అంత ముందు పరిగెత్తుతాం. సణుగుడు లేని మంచం అంటే బాగున్న మంచం. దాని దగ్గరికి చివర్న పోతాం. ఇద్దరు మనుషులు, పద్దెనిమిది మంచాలు, పాడైపోయిన ఎత్తుడు మిషను. వీటితో మాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే. మా పెద్ద సిస్టర్లు నేర్పారు, వాళ్ళు ఆ నోళ్ళతోనే రిటైరయ్యారు.

నమోదు 3

ఇవాళ గవరయ్యతో పెద్ద యుద్ధం.

ఆయన కప్పుపని మనిషి. అంటే మన నెత్తిమీద కప్పు రేకులు వేడికి ఉబ్బి ఊడిపోతుంటే పైకెక్కి బిగించేవాళ్ళలో ఒకడు. రేకుతోపాటు జారిపడి నడుం విరిగింది. ఛాతీ కింద స్పర్శ లేదు. నోరు మాత్రం నిక్షేపంలా ఉంది. నన్ను కోడలా అంటాడు, నేను మావా అంటాను, అది చుట్టరికం కాదు, తిట్టుకోవడానికి వెసులుబాటు.

స్పర్శ లేని ఒళ్ళు ఒకే పక్క నలిగితే పుండు పడుతుంది, బెడ్ సోర్ అంటాం. అందుకని పొద్దు డ్యూటీలో గోడవైపు, సాయంత్రం డ్యూటీలో తలుపువైపు, మధ్యలో వెల్లకిలా పడుకోబెడతాం. ఆయనకి గోడవైపు అంటే గిట్టదు. తలుపువైపు ఉంటే వచ్చేపోయేవాళ్ళు కనిపిస్తారు. అందుకే రోజూ పొద్దున్న పైడికీ ఆయనకీ పోట్లాట తప్పదు. ఇవాళ పొద్దు డ్యూటీ నాకు పడింది.

"నన్ను గోడకేసి తిప్పితే నీ సేతులు ఇరిగిపోతాయి కోడలా."

"ఇరిగితే నీ పక్క మంచం మీదే పడుకుంటాను. రోజంతా నా మొకం సూద్దువు గాని."

"ఓలమ్మో, దానికన్నా గోడే నయం, తిప్పీ."

తిప్పాను. తుంటి చూశాను, మడమలు చూశాను, మోచేతులు చూశాను, అంతా శుభ్రంగా ఉంది. పోట్లాడినంతసేపూ ఆయన మొహంలో రక్తం ఆడింది. నాకూ కాస్త ఊపిరి వచ్చినట్టనిపించింది. మీ నవ్వుమొహం బొమ్మ వల్ల నాకు ఎన్నడూ అలా కాలేదు.

అంబలి పల్చగా ఉందని తిట్టాడు. నీళ్ళ రేషన్ తగ్గించారు, కాబట్టి నిజానికి చిక్కగా ఉండాలి. వంటగదిలో గింజలు కూడా తగ్గించారు. ఆ లెక్క వాళ్ళని అడగండి.

నమోదు 4

ఇవాళ రాసేది వేళాకోళం కాదు.

పన్నెండో మంచం ఆవిడ పోయింది. ఎన్నో ఏళ్ళు ఒళ్ళు తుడిచాను, జడ వేశాను, వాళ్ళ చెల్లెలి కబుర్లు వందసార్లు విన్నాను. పల్స్ చూసి, కళ్ళు మూసి, దుప్పటి మొహం మీదకి లాగాను. అప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? రేపు ఒక మంచం తక్కువ. అంతే. ఏడుపు రాలేదు. ఏడుపు రాలేదని భయం కూడా వేయలేదు. గుడ్డల గదిలోకి పోయి కాసేపు నిలబడ్డాను, అక్కడ ఎవరూ పిలవరు కాబట్టి.

గుడ్డల గదిలో పైడి ఉంది. ఉతికిన దుప్పట్ల గుట్ట మీద కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, వాటిని చూసుకుంటోంది.

"సలోమీ, ఇయ్యాల ఏడో మంచం పిల్లని కొట్టబోనాను" అంది. "సెయ్యెత్తీసినాను. ఆ పిల్ల కళ్ళు మూసుకున్నాది. అలవాటున్న పిల్లలాగ మూసుకున్నాదే."

పక్కన కూర్చున్నాను.

"ఇంటికెల్తే నిద్ర పట్టదు. కళ్ళు మూస్తే మంచాలే. పిలుపులే. నా మొగుడు నీళ్ళడిగితే ఆడి గొంతు ఇంటే ఒళ్ళు మండిపోతన్నాది. ఆడేటి సేసేడు, పాపం? నాను తేలిక అంటించేసుకుంటానే."

"అంటించుకో" అన్నాను. వద్దని ఎలా అనను? చెయ్యెత్తిన మనిషికి ఏం చెప్పాలి? నాకైతే చెయ్యెత్తే ఓపిక కూడా లేదు.

రాశాను. చదువుకోండి. దీనికి మీరు పంపే జవాబు నాకు అక్కర్లేదు.

నమోదు 5

పైడి చెవి వెనక తేలిక అంటించారు. నిజం చెప్పాలంటే నాకు అసూయ వేసింది. మొహంలో ముడతలు సడలిపోయాయి. పెళ్ళినాటి పైడిలా ఉంది. ఏడో మంచం పిల్లకి కథ చెబుతూ అన్నం పెట్టింది. ఆ పిల్ల ఆమె చెంప నిమిరింది.

దులుపుడుకి నిలబడ్డాం. నేను అలవాటు ప్రకారం మొదలెట్టాను: "నిన్న సూదుల డబ్బా మూతెట్టకుండా పోనావు, కళ్ళు నెత్తికెక్కినాయేటే?"

"అలగే సలోమీ, ఇకనించి పెడతాను" అంది, నవ్వుతూ.

"అలగే ఏటి అలగే? తిట్టు. మంచాలెలా ఉన్నాయి?"

"అంతా బావున్నాది."

"రెండో మంచం?"

"బావున్నాది."

"గవరయ్య?"

"పాపం, ఇయ్యాల ఏటీ గొడవ సెయ్యనేదు."

వార్డులోకి పోయి చూస్తే గవరయ్య తలుపువైపు పడుకుని ఉన్నాడు. సాయంత్రం డ్యూటీలో అలా తిప్పాల్సిన పని నాది. పైడి ముందే తిప్పి నాకు బరువు తగ్గించిందనుకున్నాను. బంగారుతల్లి అనుకున్నాను. మిగతా మంచాలకి పోయాను. ఎవరి గురించీ సణుగుడు లేదు కనక ఏ మంచానికీ పరిగెత్తలేదు. చాలాకాలం తర్వాత కూర్చుని అంబలి తాగాను, వేడిగా ఉండగానే.

"ఏటి మావా, నోరు పడిపోనాదా?" అని దూరంనించే అడిగాను.

"బావున్నానే" అన్నాడు.

పోట్లాట తప్పింది కదా అని సంతోషించాను.

నమోదు 6

కొన్నాళ్ళు రాయలేదు. రాయడానికేం లేదు. డ్యూటీ నడుస్తోంది, పైడి నవ్వుతోంది, ఎవరూ అరవడం లేదు. ఎప్పుడు వచ్చినా గవరయ్య తలుపువైపే ఉంటున్నాడు, నాకు తిప్పే పని తప్పుతోంది. ఎత్తుడు మిషను లేకుండా ఒక్కదాన్నే ఆయన్ని తిప్పాలంటే నడుం విరుగుతుంది. అందుకని వెనకనించి పైపైన తుడిచి, పొడిబట్ట వేసి వచ్చేస్తున్నాను.

"మీ రాతల్లో ప్రశాంతత కనిపిస్తోంది, అభినందనలు" అని పంపారు. ఈసారి నేను పళ్ళు కొరకలేదు. మా వార్డునించి ఫిర్యాదులు సున్నాకి వచ్చాయని కూడా రాశారు. నిజమే కదా అనుకున్నాను. అమావాస్యకి నేనూ అంటించుకుందామని ఉంది. పైడిలా నిద్రపోవాలని ఉంది. ఎవరైనా పిలిస్తే చిరాకు పడకుండా "ఏం నాన్నా" అనాలని ఉంది.

గెలిచారు పొండి.

నమోదు 7

గెలవలేదు.

ఇవాళ గవరయ్య పక్కదుప్పటి లాగుతుంటే వాసన తగిలింది. ఆ వాసన తెలియని నర్సు ఉండదు. పైడిని కేకేసి, ఇద్దరం కలిసి ఆయన్ని గోడవైపు తిప్పాం.

కింద నలిగిన తుంటి మీద నల్లగా, అరచెయ్యంత. అంచులు ఊడి లోపలికి పోయింది. ఎముక కనిపిస్తోంది. ఇది ఒక్కరోజులో వచ్చేది కాదు. ఆయన ఒళ్ళు కాలిపోతోంది.

"పొద్దున్న గోడేపు తిప్పనేదేటే?" అని పైడిని అడిగాను.

"అడిగేను. వొద్దన్నాడు. అలగే అన్నాను" అంది పైడి. పుండు వంక చూసి "అయ్యో పాపం" అంది. ఆ నవ్వు మొహం మీదే ఉంది. బేసిన్‌లో గోరువెచ్చని నీళ్ళు తెచ్చి ఎంతో మెల్లగా కడిగింది. అంత మెల్లగా కడగడం నాకు చేతకాదు.

పొద్దు డ్యూటీ అంతా తలుపువైపు, నా డ్యూటీ అంతా తలుపువైపు. రోజంతా ఒకే తుంటి మీద. పైడి నా పని చేసిపెడుతోందని నేను మురిసిపోయాను. ఆమె తన పని చేయలేదు, అంతే. ఎవరూ సణగలేదు కాబట్టి ఆ మంచం బాగుందనుకున్నాను.

"నీకు నొప్పి తెలీదు, సరే. జొరం తెలుస్తాది కదా? సెప్పొచ్చు కదా మావా?" అని గవరయ్య మీద అరిచాను.

పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నాలికతో తడుపుకుని అన్నాడు: "నవ్వుతన్న మనిషితో ఏటని తగువెట్టుకుంటానే? తిప్పమంటావా తాతా అని మెత్తగా అడుగుతాది. వొద్దంటే ఎల్లిపోతాది. ఆ పిల్లని నొప్పించడానికి నాకు నోరు రానేదు. నువ్వొస్తావు, తిడతావు, సూస్తావు అనుకున్నాను. నువ్వూ తిట్టనేదు. నీక్కూడా అంటించేసినారేమో అనుకున్నాను."

దీన్ని ఏ భావం కింద రాసుకుంటారో రాసుకోండి.

నమోదు 8

ఇవాళ మీరే స్వయంగా వార్డుకి వచ్చారు. కనక ఇందులో మీకు తెలియంది ఉండదు. అయినా రాస్తాను. మీరు మర్చిపోతారు.

కింది అంతస్తు డాక్టరమ్మ వచ్చి చూసి, విషం రక్తంలోకి పోతోంది, వెంటనే కిందికి దించి చచ్చిన కండ కోసెయ్యాలంది. అంతలో బూర మోగింది. తలుపులు బిగుసుకున్నాయి. ప్రాణం మీదకొచ్చిన రోగికోసం తలుపు తీయించే అధికారం మీకొక్కరికే ఉంది. అదృష్టవశాత్తూ మీరు మా వార్డులోనే, బూరకి చిక్కుకుని మాతోపాటే ఉన్నారు.

తలుపు తీయించమన్నాను. "దీర్ఘ వార్డు రోగులకి అత్యవసర ద్వారం వర్తించదు కదండీ" అన్నారు మీరు, ఎంతో నెమ్మదిగా. రెండో బూర దాకా ఆగుదామన్నారు. ఈలోగా మాట్లాడుకుందామని కుర్చీ లాక్కున్నారు. పైడితల్లి గారి పట్టీ చూపించే ప్రశాంతత కొలతలు ఊరు మొత్తంలోకే ఉత్తమంగా ఉన్నాయనీ, జరిగినదాంట్లో ఆమె తప్పేం లేదనీ, అమావాస్యనించి సిస్టర్లందరికీ తేలిక తప్పనిసరి చేస్తున్నామనీ చెప్పారు.

నేను మీ చెవుల వెనక చూశాను. "మీరు అంటించుకోలేదేం?" అని అడిగాను.

"నాది నిర్ణయాలు తీసుకునే పని కదండీ. మనసు తేటగా ఉండాలి."

"మా పనికి అక్కర్లేదా?"

"మీది సేవ కదండీ" అన్నారు.

అప్పుడు మిమ్మల్ని కొట్టకపోవడానికి కారణం నా మంచితనం కాదు. గవరయ్య నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. మీరు ఆ కుర్చీలోంచి ఒక్కసారైనా ఆయన మంచం దాకా రాలేదు. వాసనకి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని మాట్లాడారు.

మీరు అటు తిరిగినప్పుడు పైడి చెవి వెనక్కి చెయ్యి పోనిచ్చాను, పీకేద్దామని. ఆమె నా మణికట్టు పట్టుకుంది. విదిలించలేదు, మెల్లగా పట్టుకుంది.

"తియ్యకే సలోమీ. తీస్తే అదంతా మళ్ళీ వొచ్చేస్తాది. నాకు నిద్ర పడతన్నాది. ఎన్నాళ్ళకి పడతన్నాదో నీకు తెల్దేటి?"

తెలుసు. వదిలేశాను.

రెండో బూర మోగింది. గవరయ్యని కిందికి దించారు. లిఫ్టులోకి పోతూ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టు మావా, ఏదో ఒకటి తిట్టు అని బతిమాలాను. కళ్ళు తెరవలేదు.

నమోదు 9

గవరయ్య పోయాడు. కోత పూర్తయ్యేలోపే గుండె ఆగిందని డాక్టరమ్మ పైకొచ్చి చెప్పింది. రెండో బూర దాకా ఆగకుండా ఉంటే బతికేవాడా అని అడిగాను. ఆమె నేలవంక చూసింది.

గుడ్డల గదిలో పైడి దుప్పట్లు మడతపెడుతోంది. చెప్పాను. "అయ్యో పాపం" అంది. మడతపెడుతూనే ఉంది. రెండు దుప్పట్లు మడిచింది. మూడోది సగంలో ఆపింది.

"నాకు ఏడుపు రాటంనేదు సలోమీ."

సగం మడిచిన దుప్పటి ఆమె చేతిలోంచి తీసుకున్నాను.

"తాత పోయేడంటే నాకు ఏడుపు రావాలి కదే? రోజూ తిట్టుకున్నాం. నా పెళ్ళికి ఇనప తీగతో గాజులు సేసిచ్చినాడు. ఆడు పోతే నాకు ఏడుపు రావాలి." ఆ మాట నవ్వు మొహంతోనే అంది. పెదాలు నవ్వుతున్నాయి, వేళ్ళు మాత్రం చెవి వెనక గోకుతున్నాయి. నేను ముట్టుకోలేదు. తనే పీక్కుంది. చర్మం లేచి నెత్తురొచ్చింది.

కాసేపటిదాకా ఏం కాలేదు. తర్వాత కడుపు పట్టుకుని వంగిపోయింది. కక్కింది. నేలమీద పడిపోయి, ఇన్నాళ్ళదీ ఒక్కసారే వచ్చి మీద పడినట్టు, కొట్టుకుంటూ ఏడ్చింది. అది చూడడం చాలా భయంగా ఉంది. అదంతా ఎక్కడికో పోయిందని మీరు చెప్పారు. ఎక్కడికీ పోలేదు. లోపలే ఉంది.

నేను వీపు నిమురుతుంటే నా చెయ్యి విసిరికొట్టింది.

"ముట్టుకోకు! నువ్వు సూడనేదేటే? రోజూ ఆ మంచం పక్కనించే పోనావు కదా? పైపైన తుడిసేసి పోనావు కదా? తుంటి కింద సెయ్యెట్టి సూడనేదేటి? నానంటే పట్టీ ఎట్టుకుని మొద్దునైపోనాను. నీకేటయ్యింది? నీకేటుందే చెవెనకాల?"

పన్నెండో మంచం ఆవిడ పోయిననాడు ఏడవని దాన్ని. వేడి అంబలి తాగడంకోసం గవరయ్య మౌనాన్ని వరంగా తీసుకున్నదాన్ని. తప్పంతా పట్టీ మీదా మీ మీదా వేసి చేతులు దులుపుకుందామని నిన్న రాత్రంతా అనుకున్నాను. పైడి ఆ అవకాశం ఇవ్వలేదు. నాకు ఏ పట్టీ అక్కర్లేదు ఇందుశేఖర్ గారూ. అది చేసే పని నా అంతట నాకే వచ్చేసింది. మీ కొరతా, మీ బూరా, మీ పద్దెనిమిది మంచాలూ కలిసి ఎప్పుడో నేర్పేశాయి.

పైడి పక్కన నేలమీద కూర్చున్నాను. నాకూ ఏడుపొచ్చింది. గవరయ్య కోసం, పన్నెండో మంచం ఆవిడ కోసం, ఇంకా పేర్లు మర్చిపోయిన చాలామంది కోసం. ఇద్దరం గట్టిగా, సిగ్గులేకుండా ఏడ్చాం. ఏడో మంచం పిల్ల తలుపు దగ్గరికి చక్రాల కుర్చీ తోసుకొచ్చి మమ్మల్ని చూసింది. ఏమైందని అడిగింది. తాత పోయాడని, అది మా వల్లేనని చెప్పాం.

తర్వాత లేచి వార్డంతా తిరిగాం, పదహారు మంచాలూ. ఇద్దరం చెరో పక్కా పట్టి ప్రతి ఒక్కరినీ తిప్పి, కింద చెయ్యి పెట్టి చూశాం. ఇంకో ఇద్దరికి తుంటి ఎర్రబడింది. ఇంకా ఆలస్యం కాలేదు. అందరినీ తిప్పేసరికి మా ఇద్దరికీ నడుములు పడిపోయాయి.

అమావాస్య రేపే. రేపు పొద్దున్న పట్టీల డబ్బాతో వస్తానని కబురు పెట్టారు. గవరయ్య మంచం మీదకి కొత్త రోగి కూడా వస్తున్నాడని అందులోనే ఉంది. వినండి. పట్టీలు మేం అంటించుకోం. వార్డుకి ఇంకో ఇద్దరు నర్సులు వచ్చి, ఎత్తుడు మిషను బాగై, బూర మోగినా మా రోగుల కోసం తలుపు తెరుచుకునేదాకా కొత్త మనిషి ఈ వార్డులో అడుగుపెట్టడు. గవరయ్య మావ మంచాన్ని ఎత్తుకొచ్చి తలుపుకి అడ్డంగా పెట్టాం. దానిమీద పైడీ నేనూ కూర్చున్నాం. దాన్ని అక్కణ్ణించి తీయాలంటే ఒక చివర మీరు పట్టుకోవాలి.